అలీ, టైసన్ ఎదురెదురైతే గెలిచేదెవరు? ఈ బహస్ ఎందుకు తెగదు.. తెగాలంటే ముందు ఏం తేల్చుకోవాలి?

తరావీహ్ అయ్యాక హోటల్ ముందు చాయ్ తాగుతూ మొదలయ్యే బహస్‌లలో ఇదొకటి. పెళ్లింట్లో డేగ్‌లు ఇంకా దించని ఖాళీ సమయంలోనూ మొదలవుతుంది. "ముహమ్మద్ అలీ ముందు టైసన్ ఎంత?" అంటాడు మామూ. "టైసన్ ఒక్కటి తగిలిస్తే అలీ లేవడు మామూ, కావాలంటే వీడియో చూడండి" అని మేనల్లుడు ఫోన్ తీస్తాడు. పక్కన కూర్చున్న పెద్దాయన "మీ ఇద్దరికీ తెలీదు, జో లూయిస్ అని ఒకాయన ఉండేవాడు" అని అందుకుంటాడు. అరగంట తర్వాత చూస్తే ముగ్గురూ మొదలుపెట్టిన చోటే ఉంటారు.

అలీ, టైసన్ ఇద్దరూ ఇస్లాం స్వీకరించినవాళ్లే కాబట్టి మన ఇళ్లలో ఈ బహస్‌కు వేడి కాస్త ఎక్కువ. కానీ ఇది మన దగ్గర పుట్టింది కాదు. బాక్సింగ్ ఉన్న ప్రతి దేశంలో, ప్రతి జమానాలో ఉంది. అమెరికాలో ఒకాయన దీన్నే వ్యాపారంగా మార్చాడు. ఆ వ్యాపారంలో ఒక కోర్టు కేసు, ఒక విగ్గు, ఒక సినిమా, సినిమా విడుదలకు ముందే ఒక మరణం కూడా ఉన్నాయి. ముందు ఆ కథ తెలుసుకుంటే మిగతా విషయం సులువుగా అర్థమవుతుంది.

కంప్యూటర్ ఇచ్చిన తీర్పు

1967లో మయామీకి చెందిన రేడియో నిర్మాత మర్రే వోరోనర్‌కు ఒక ఆలోచన వచ్చింది. వేర్వేరు కాలాల హెవీవెయిట్ చాంపియన్లు 16 మందిని తీసుకుని, కంప్యూటర్‌తో వాళ్ల మధ్య టోర్నమెంట్ పెట్టాలి. ఫలితాన్ని నిజం పోటీలాగే రేడియోలో కామెంటరీతో వినిపించాలి. అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే యంత్రం. వాడింది ఎన్‌సీఆర్ 315 అనే మోడల్. బాక్సింగ్ రాతగాళ్లను, నిపుణులను అడిగి ఒక్కో బాక్సర్ వేగం ఎంత, దెబ్బ బలం ఎంత, దెబ్బ తట్టుకునే శక్తి ఎంత అని మార్కులు వేయించి అందులోకి ఎక్కించారు.

టోర్నమెంట్‌లో అలీ క్వార్టర్ ఫైనల్‌లోనే పోయాడు. ఓడించింది ఎవరు? 1899 నుంచి 1905 దాకా చాంపియన్‌గా ఉన్న జిమ్ జెఫ్రీస్! ఫైనల్‌లో జాక్ డెంప్సీని ఓడించి రాకీ మార్సియానో విజేత అయ్యాడు.

అలీకి ఒళ్లు మండింది. తన పరువు తీశారంటూ 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ దావా చివరికి రాజీతో ముగిసింది. ఆ రాజీలో భాగంగానే మార్సియానోతో ఒక సినిమా పోటీకి ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో అర్థం కావాలంటే అప్పుడు అలీ పరిస్థితి తెలియాలి. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో తెగేసి చెప్పాడు. టైటిల్ పీకేశారు, లైసెన్స్ తీసేశారు. జూన్‌లో కోర్టు 5 ఏళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా వేసింది. అప్పీల్ మీద బయట ఉన్నాడు కానీ రింగ్‌లోకి దిగే దారి లేదు. కాలేజీల్లో ఉపన్యాసాలు ఇచ్చి ఇల్లు నడుపుకుంటున్నాడు. అలాంటప్పుడు వచ్చిన పని ఇది.

1969లో మయామీలోని ఒక స్టూడియోలో షూటింగ్. అలీకి 27 ఏళ్లు. మార్సియానోకి 45. రిటైరై 13 ఏళ్లు దాటింది. ఆయన 20 కిలోలకు పైగా బరువు తగ్గి, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. నిమిషం చొప్పున 70కి పైగా రౌండ్లు చిత్రీకరించారు. ఒంటి మీద దెబ్బలు కొంతవరకు నిజమే, ముఖం మీదివి మాత్రం ఆపి ఆపి వేసినవి. ముగింపులు కూడా ఒకటి కాదు, అనేకం తీశారు. అలీ పడినట్టు, మార్సియానో పడినట్టు, రక్తం కారి పోటీ ఆపేసినట్టు. వాటిలో ఏది వాడతారో ఆ ఇద్దరికీ చెప్పలేదు.

షూటింగ్ అయిన కొద్ది వారాలకే, 1969 ఆగస్టు 31న, అయోవా రాష్ట్రంలో చిన్న విమానం కూలి మార్సియానో చనిపోయాడు. తెల్లవారితే 46వ పుట్టినరోజు. తాను గెలిచాడో ఓడాడో ఆయనకు తెలియనే లేదు.

1970 జనవరి 20న సినిమా థియేటర్లలో ఒకేసారి చూపించారు. అమెరికాలో చూసినవాళ్లకు 13వ రౌండ్‌లో మార్సియానో నాకౌట్ చేసి గెలిచాడు. యూరప్‌లో చూపించిన దాంట్లో అలీ గెలిచాడు. అవును, అదే పోటీ, అదే కంప్యూటర్ పేరు.. సముద్రం దాటేసరికి ఫలితం మారింది! ఆ కంప్యూటర్‌ను అలబామాలో తయారుచేసి ఉంటారని అలీ ఎగతాళి చేశాడు. నల్లవాళ్లను అణచివేయడంలో అప్పట్లో అలబామాకు ఉన్న పేరు అలాంటిది.

యంత్రంలో ఏం వేస్తే అదే బయటికి

కంప్యూటర్ అబద్ధం చెప్పిందా? అలా అనలేం. అది లెక్క చేసింది, అంతే. కానీ ఆ లెక్కలోకి వెళ్లిన మార్కులు మనుషులు వేసినవి. 1905లో రిటైరైన జెఫ్రీస్ 'దెబ్బ తట్టుకునే శక్తి'కి 1967లో ఎంత మార్కు వేస్తారు? ఆయన్ను చూసినవాళ్లే కొద్దిమంది మిగిలారు. మిగిలిందల్లా ఆయన గురించిన కథలు, మసక ఫిల్ములు. కథలకు కాలం గడిచేకొద్దీ రెక్కలొస్తాయి. కళ్లముందున్న అలీలో మాత్రం లోపాలన్నీ కనిపిస్తున్నాయి. పైగా 1967లో అమెరికాలో సగం మందికి ఆయన పేరు చెబితేనే మంట.

ఇప్పటి వీడియో గేమ్‌లకూ ఇదే వర్తిస్తుంది. 2009లో వచ్చిన 'ఫైట్ నైట్ రౌండ్ 4' గేమ్ కవర్ మీద అలీ, టైసన్ ఎదురెదురుగా ఉంటారు. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి. కానీ టైసన్ పంచ్‌కు ఎంత, అలీ కాళ్ల వేగానికి ఎంత అని మార్కు వేసింది గేమ్ చేసినవాళ్లే. గేమ్‌లో టైసన్ గెలిచాడని మేనల్లుడు అంటే, మార్కు వేసినవాడి అభిప్రాయం గెలిచిందని అర్థం. కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంది అన్నది వేరే సంగతి.

పరుగు పందెంలో ఈ గొడవ లేదు. 1936 బెర్లిన్‌లో జెస్సీ ఓవెన్స్ 100 మీటర్లు 10.3 సెకన్లలో పరుగెత్తాడు. అదే బెర్లిన్‌లో 2009లో ఉసేన్ బోల్ట్ 9.58లో పరుగెత్తాడు. ట్రాక్ మారింది, బూట్లు మారాయి అని వాదించుకోవచ్చు, కానీ వాదన మొదలుపెట్టడానికి ఒక గడియారం ఉంది. చదరంగంలో పాత ఆటల ఎత్తులన్నీ రాసి ఉన్నాయి, ఇవాళ్టి కంప్యూటర్‌కు ఇచ్చి ఏ ఎత్తు తప్పో చూడొచ్చు. బాక్సింగ్‌లో గడియారమూ లేదు, ఎత్తుల పుస్తకమూ లేదు. ఒకడు ఎంత గొప్పవాడో ఎదుట నిలబడ్డవాడితోనే తెలుస్తుంది.

కామర్స్ చదివిన పిల్లలకు ఇది తెలిసిన సమస్యే. 1951లో 100 రూపాయల జీతం ఎక్కువా, ఇవాళ 30 వేల జీతం ఎక్కువా అని అడిగితే నేరుగా చెప్పలేం. ముందు ఒక బేస్ ఇయర్ పెట్టుకోవాలి, ధరలు సరిచూడాలి. బాక్సింగ్ బహస్‌లో ఎవరూ బేస్ ఇయర్ చెప్పరు. అసలు తగాదా అక్కడే.

అలీ అంటే ఏ అలీ?

"అలీ, టైసన్" అంటున్నాం సరే. ఏ అలీ? ఇది తేల్చకుండా ఎంత వాదించినా లాభం లేదు, ఎందుకంటే అలీ ఒకడు కాదు ఇద్దరు.

మొదటి అలీ 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఓడించి చాంపియన్ అయిన 22 ఏళ్ల కుర్రాడు. ఎత్తు 191 సెంటీమీటర్లు, అయినా తేలికపాటి బాక్సర్‌లా రింగంతా తిరుగుతాడు. చేతులు కిందికి వేలాడేసి, తల వెనక్కి వంచి దెబ్బ తప్పించుకుంటాడు. ఆ వయసులో, ఆ వేగంతో మాత్రమే కుదిరే పని అది. 1966 నవంబర్‌లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను 3 రౌండ్లలో ముగించిన పోటీ చూస్తే అసలు ఆయన్ని ఎలా కొట్టాలో అర్థం కాదు. 1967 మార్చి 22న జోరా ఫోలీతో తలపడ్డాక ఆ అలీ మళ్లీ కనిపించలేదు.

రెండో అలీ 1970 అక్టోబర్ 26న అట్లాంటాలో జెర్రీ క్వారీతో పోటీకి వచ్చినవాడు. మధ్యలో 3 సంవత్సరాల 7 నెలలు పోయాయి. 25 నుంచి 28 ఏళ్లు అంటే హెవీవెయిట్‌కు పంట చేతికొచ్చే వయసు. ఆ పంట పొలంలోనే పోయింది. తిరిగొచ్చిన మనిషి ఇంకా గొప్పవాడే, కానీ కాళ్లు మునుపటిలా లేవు. దెబ్బ తప్పించుకోలేని చోట తట్టుకోవడం నేర్చుకున్నాడు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో తాడుకు ఆనుకుని జార్జ్ ఫోర్‌మన్ దెబ్బలన్నీ తిని, ఆయన అలసిపోయాక 8వ రౌండ్‌లో పడగొట్టాడు. 1975 అక్టోబర్ 1న మనీలాలో జో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు. లోకం చెప్పుకునే అలీ గొప్పతనమంతా దాదాపు ఈ రెండో అలీదే. దానికి ఒళ్లు చెల్లించిన ధర కూడా ఉంది. 1984లో పార్కిన్సన్ లక్షణాలున్నాయని డాక్టర్లు చెప్పారు.

సుప్రీంకోర్టు 1971 జూన్ 28న ఆ శిక్షను 8-0తో కొట్టేసింది. తీర్పు మారింది కానీ ఏళ్లు తిరిగి రాలేదు. అందుకే 'అత్యుత్తమ అలీ' అని మనం వాదనకు తెచ్చుకునే మనిషి రింగ్‌లో పూర్తిగా ఎప్పుడూ కనిపించలేదు. 1968లో ఆయన ఎలా ఉండేవాడో వోరోనర్ కంప్యూటర్‌కే కాదు, ఎవరికీ తెలియదు. ఈ బహస్ మొత్తంలో నిజంగా మనసు కలుక్కుమనిపించే చోటు ఇదొక్కటే.

టైసన్‌కూ ఇదే ప్రశ్న. 1986 నవంబర్ 22న ట్రెవర్ బెర్బిక్‌ను ఓడించి 20 ఏళ్లకే చాంపియన్ అయిన టైసన్, 1988 జూన్‌లో మైఖేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన టైసన్ ఒకడు. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిన టైసన్ ఇంకొకడు. మధ్య దూరం రెండేళ్లు కూడా లేదు.

బరువు సంగతి

మార్సియానో రికార్డు 49 పోటీలు, 49 విజయాలు, 43 నాకౌట్లు. ఓటమి లేకుండా రిటైరైన హెవీవెయిట్ చాంపియన్. ఆయన బరువు ఎంతో తెలుసా? 85 కిలోల చుట్టూ. ఇవాళ ఆ బరువుకు హెవీవెయిట్‌లోకి రానే అక్కర్లేదు. క్రూయిజర్‌వెయిట్ అనే కొత్త తరగతి 1980 ప్రాంతంలో వచ్చింది, ఇప్పుడు దాని పరిమితి 200 పౌండ్లు, అంటే 90.7 కిలోలు. మార్సియానో అందులో కూడా చిన్నవాడే. మరోవైపు 2020 ఫిబ్రవరిలో డియోంటే వైల్డర్‌ను ఓడించిన రోజు టైసన్ ఫ్యూరీ బరువు దాదాపు 124 కిలోలు, ఎత్తు 206 సెంటీమీటర్లు. మార్సియానో తల ఆయన గుండెల దాకా వస్తుందేమో.

అయితే పెద్దవాడే గెలుస్తాడా? 1919 జూలై 4న టొలీడోలో జెస్ విలార్డ్ 111 కిలోలు, జాక్ డెంప్సీ 85 కిలోలు. మొదటి రౌండ్‌లోనే విలార్డ్ ఏడుసార్లు కిందపడ్డాడు. అయితే ఒక తిరకాసు ఉంది. అప్పట్లో పడినవాడు లేచేదాకా దూరంగా మూలకు వెళ్లాలనే నియమం లేదు. డెంప్సీ పక్కనే నిలబడి, విలార్డ్ మోకాలు నేల విడవగానే మళ్లీ కొట్టాడు. ఆ నియమం వచ్చాక, 1927 సెప్టెంబర్‌లో షికాగోలో జీన్ టన్నీని పడగొట్టిన డెంప్సీ పాత అలవాటుతో వెంటనే మూలకు వెళ్లలేదు. రిఫరీ లెక్క ఆలస్యంగా మొదలుపెట్టాడు, టన్నీ తేరుకుని లేచి గెలిచాడు. కాబట్టి డెంప్సీని ఇవాళ్టి బాక్సర్ ముందు నిలబెట్టేటప్పుడు ఏ సంవత్సరం నియమాలు అని అడగాల్సిందే.

ఇటీవలి ఉదాహరణ ఇంకా బాగుంటుంది. 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టులూ తీసుకున్న ఒలెగ్జాండర్ ఉసిక్ క్రూయిజర్‌వెయిట్ నుంచి వచ్చినవాడు. ఎత్తు 191, చేతుల చాపు 198 సెంటీమీటర్లు. అచ్చంగా అలీ కొలతలే! అదే ఏడాది డిసెంబర్‌లో మళ్లీ ఓడించాడు. "ఇప్పటి ఏనుగుల ముందు అలీ చిన్నపిల్లాడు" అనేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు. మార్సియానోకు మాత్రం ఈ జవాబు పనికిరాదు. ఆయన అలీ కంటే 12 సెంటీమీటర్లు పొట్టి, చేతుల చాపు పాతిక సెంటీమీటర్లు తక్కువ. 1970లో అమెరికా థియేటర్లలో చూపించిన ఆ నాకౌట్‌ను నమ్మడం కష్టం. 1966 నాటి అలీని మార్సియానో ఎలా అందుకుంటాడో ఆ సినిమా కూడా సరిగా చూపించలేకపోయింది.

13వ రౌండ్

ఇది చాలామంది పట్టించుకోని విషయం. పాతకాలం టైటిల్ పోటీ 15 రౌండ్లు. 1982 నవంబర్‌లో రే మాన్సినీతో పోటీలో గాయపడి దక్షిణ కొరియా కుర్రాడు కిమ్ డుక్ కూ చనిపోయాక దాన్ని 12కు తగ్గించడం మొదలైంది. 1980ల చివరికి ప్రధాన సంస్థలన్నీ 12కే వచ్చాయి.

ఇప్పుడు పాత రికార్డులు తీయండి. 1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్‌తో మార్సియానో తలపడ్డాడు. 12 రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వాల్కాట్ ముందున్నాడు. 13వ రౌండ్‌లో మార్సియానో ఒక్క కుడిచేతి దెబ్బతో ముగించాడు. ఇవాళ్టి నియమాలైతే ఆ పోటీ అప్పటికే అయిపోయేది. 49-0 అనే అంకెే ఉండేది కాదు! 1941 జూన్ 18న జో లూయిస్, బిల్లీ కాన్ మధ్యా అంతే. 12 రౌండ్ల తర్వాత ఇద్దరు జడ్జీల దగ్గర కాన్ ముందు, మూడో జడ్జి దగ్గర సమానం. 13వ రౌండ్‌లో లూయిస్ పడగొట్టాడు. 12 రౌండ్లయితే లూయిస్ అప్పుడే టైటిల్ పోగొట్టుకునేవాడు. 25 సార్లు టైటిల్ కాపాడుకున్న ఆయన రికార్డు ఎక్కడో మధ్యలో ఆగిపోయేది.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. 12 రౌండ్లే అని ముందే తెలిస్తే మార్సియానో, లూయిస్ వేరేలా ఆడేవారేమో, కాస్త ముందే తొందరపడేవారేమో. నిజమే. అందుకే రౌండ్ల సంఖ్య ముందే తేల్చుకోవాలి అనడం.

తక్కువ బరువు తరగతుల్లో ఇంకో చిక్కు తూకం. షుగర్ రే రాబిన్సన్ కాలంలో పోటీ రోజే బరువు చూసేవారు. ఇప్పుడు ముందురోజు చూస్తారు. ఒళ్లు ఎండగట్టి తూగి, రాత్రంతా నీళ్లు, తిండి తీసుకుని మర్నాడు కొన్ని కిలోలు పెరిగి రింగ్ ఎక్కుతారు. రాబిన్సన్, మేవెదర్ ఇద్దరూ కాగితం మీద 147 పౌండ్లవాళ్లే అయినా రింగ్‌లో ఒకే బరువు కాదు. పోటీల సంఖ్యా అంతే. మేవెదర్ కెరీర్ మొత్తం 50. రాబిన్సన్‌వి దాదాపు 200. మేవెదర్ 50-0ను రాబిన్సన్ ఓటముల పక్కన పెట్టి చూపించేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఒకడు ఇంకొకడిని కొడితే..

'ఎ' అనేవాడు 'బి'ని కొట్టాడు, 'బి' వెళ్లి 'సి'ని కొట్టాడు, కాబట్టి 'ఎ' ముందు 'సి' నిలవడు. వినడానికి బాగుంది. 1970ల హెవీవెయిట్లే దీన్ని చెత్తబుట్టలో వేశారు.

1971 మార్చిలో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అదే ఏడాది మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి ఓడించాడు. 1974 మార్చిలో ఫోర్‌మన్ ఆ నార్టన్‌నూ రెండు రౌండ్లలోనే ముగించాడు. లెక్క ప్రకారం ఫోర్‌మన్ ముందు అలీ నిమిషం నిలవకూడదు. ఏడు నెలల తర్వాత కిన్షాసాలో ఏమైందో పైన చెప్పుకున్నాం. ఒకడి పద్ధతి ఇంకొకడికి సరిపడటం, సరిపడకపోవడం అనేది ఉంటుంది. కత్తెర కాగితాన్ని కోస్తుంది, రాయి ముందు పనిచేయదు.

మరి కాలాల మధ్య నిజమైన వంతెనలు లేవా? ఉన్నాయి, కానీ కొంచెం కుంటివి. ఆర్చీ మూర్ 1955లో మార్సియానోతోనూ, 1962లో అలీతోనూ ఆడాడు. మార్సియానోను 2వ రౌండ్‌లో ఒకసారి కింద కూడా పడేశాడు, చివరికి 9వ రౌండ్‌లో ఓడాడు. అలీ 4 రౌండ్లలో ముగించాడు. అయితే అలీ గొప్ప అనేద్దామా? అప్పటికి మూర్‌కు కనీసం 45 ఏళ్లు. కనీసం అనడం ఎందుకంటే, పుట్టింది 1916లో అని ఆయన, 1913లో అని ఆయన తల్లి చెప్పేవారు!

మిగతా వంతెనలూ ఇంతే. 1951లో మార్సియానో 37 ఏళ్ల లూయిస్‌ను ఓడించాడు. 1980లో లారీ హోమ్స్ 38 ఏళ్ల అలీని ఓడించాడు. 1988లో టైసన్ 38 ఏళ్ల హోమ్స్‌ను 4 రౌండ్లలో పడగొట్టాడు. ఆ రాత్రి రింగ్‌లోకి వచ్చిన అలీ, తన తరఫున హోమ్స్‌ను కొట్టమని చెవిలో చెప్పాడని టైసన్ తర్వాత చెప్పుకున్నాడు. ఈ మూడూ కొత్త కాలం పాత కాలాన్ని ఓడించిన పోటీలు కావు. కుర్రాడు ముసలాయన్ని ఓడించినవి.

ఎదురు దిశలో నడిచింది ఒక్క ఫోర్‌మన్. 1991లో 42 ఏళ్ల వయసులో 28 ఏళ్ల హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ నిలబడ్డాడు. 1994 నవంబర్ 5న 45 ఏళ్లకు మైఖేల్ మూరర్‌ను 10వ రౌండ్‌లో నాకౌట్ చేసి మళ్లీ చాంపియన్ అయ్యాడు. 1970లవాళ్లు పాతబడిపోయారు అనేవాళ్లకు ఇది గట్టి దెబ్బే. కాకపోతే ఆ రోజు ఆయన బరువు 113 కిలోలు, 1974 కంటే 13 కిలోలు ఎక్కువ. అప్పటిదాకా పాయింట్లలో వెనకబడే ఉన్నాడు.

ఇంతకీ గెలిచేదెవరు?

ఇన్ని చెప్పి జవాబు చెప్పకపోతే మామూ ఊరుకోడు. 1966 నాటి అలీ, 1988 నాటి టైసన్ అనుకుందాం.

టైసన్‌కు దారి ఉంది. అలీకి ఎడమ హుక్ అంటే మొదటి నుంచీ బలహీనతే. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్ ఇద్దరూ ఆ దెబ్బతోనే పడగొట్టారు. టైసన్ ఎడమ హుక్ వాళ్లిద్దరి కంటే వేగం. వంగి, తల ఊపుతూ లోపలికి దూరే ఆయన పద్ధతికి అలీలాంటి పొడుగువాళ్లే మంచి గురి. మొదటి 4 రౌండ్లు అలీ అభిమానులు ఊపిరి బిగబట్టాల్సిందే.

ఆ తర్వాత కథ మారుతుంది. 1987లో బోన్‌క్రషర్ స్మిత్, టోనీ టక్కర్ ఇద్దరూ పొడుగువాళ్లు, కొట్టి పట్టుకుని, పట్టుకుని కొట్టి టైసన్‌ను 12 రౌండ్లూ లాగించారు. గెలవలేదు, కానీ పడలేదు. డగ్లస్ పొడవాటి జాబ్‌తో 10 రౌండ్లు కొట్టి పడగొట్టాడు. అలీ జాబ్ డగ్లస్ జాబ్ కంటే వేగం, కాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పట్టుకోవడంలోనూ అలీ ఘనుడే. 1974లో ఫ్రేజియర్ మెడ వెనక చెయ్యేసి లాగిన తీరుకు గట్టి రిఫరీ ఉంటే మందలించేవాడు. 15 రౌండ్ల పోటీ అయితే అలీ. 12 అయినా అలీయే, కానీ అంత ధైర్యంగా చెప్పలేం. 1975 నాటి అలీ అయితే మేనల్లుడి మాట కొట్టిపారేయడానికి లేదు.

ఇద్దరూ కలిసి 1989లో అమెరికా టీవీలో ఆర్సీనియో హాల్ షోకు వచ్చారు. అదే ప్రశ్న వాళ్లనూ అడిగారు. అలీ టైసన్ దెబ్బను పొగిడాడు. టైసన్ అలీయే అందరికంటే గొప్ప అన్నాడు. వాళ్లకు లేని పంతం మన చాయ్ దగ్గర ఉంది.

నిజామాబాద్ అమ్మాయి, మణిపూర్ అక్క

కాలాల పోటీ ఊహల్లోనే కాదు, మన దేశంలో ఒకసారి నిజంగా జరిగింది. 2019లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల తరగతిలో మేరీ కోమ్‌ను నేరుగా పంపాలని చూస్తే, నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ ట్రయల్ పెట్టాలని క్రీడల మంత్రికి లేఖ రాసింది. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్‌ను 23 ఏళ్ల అమ్మాయి అడగడమా అని ఎందరో నొసలు చిట్లించారు. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. 37 ఏళ్ల మేరీ 9-1తో గెలిచింది. ముసలి చాంపియన్ కుర్ర చాంపియన్‌ను ఓడించిన అరుదైన సందర్భం.

అప్పటికి నిఖత్ ఇంకా చాంపియన్ కాదు కదా అంటారా? అదీ నిజమే. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల్లో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది. కాబట్టి ఇళ్లలో ఇప్పుడు నడిచే ప్రశ్న వేరు. 2023 ఢిల్లీ నిఖత్, 2006 ఢిల్లీ మేరీ ఎదురెదురైతే?

ఇక్కడా మొదట బరువే అడ్డం వస్తుంది. 2006లో మేరీ గెలిచింది 46 కిలోల్లో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అంతకంటే తక్కువ తరగతి లేక 51కి ఎక్కి ఆడి కాంస్యం తెచ్చింది. నిఖత్ 52 నుంచి 50కి దిగింది, 46కి దిగమంటే ఒంట్లో బలం ఉండదు. తర్వాత రౌండ్లు. లండన్‌లో ఆడవాళ్లకు రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగు, ఇప్పుడు మూడేసి నిమిషాలవి మూడు. ఆపైన స్కోరు. అప్పట్లో జడ్జీలు తగిలిన ప్రతి దెబ్బకూ మీట నొక్కితే యంత్రం లెక్కపెట్టేది, దూరం నుంచి చకచకా తగిలించి తప్పుకునే మేరీకి అది అచ్చొచ్చిన పద్ధతి. ఇప్పుడు రౌండ్ మొత్తం చూసి 10 పాయింట్ల లెక్కన ఇస్తారు, ముందుకొచ్చి గట్టిగా కొట్టే నిఖత్‌కు ఇది నప్పుతుంది. 46 కిలోలు, మీట నొక్కే స్కోరు అయితే మేరీ. 50 కిలోలు, ఇప్పటి స్కోరు అయితే నిఖత్. 48 దగ్గర రాజీ కుదిరిస్తే ఏమవుతుందో నిజామాబాద్‌లో ఒక జవాబు, ఇంఫాల్‌లో ఇంకో జవాబు వస్తుంది.